ఉగాది నుంచి ఉగాది దాకా: మా ఇంటి తీర్మానాల పద్దు

విశ్వావసు ఉగాది నాడు, అంటే 2025 మార్చి 30న, మా ఇంట్లో డబ్బు గురించీ ఆరోగ్యం గురించీ ఐదు తీర్మానాలు రాసుకున్నాం. మొన్న మార్చి 19న పరాభవ ఉగాది పచ్చడి తిన్నాక ఆ కాగితం తీసి పద్దు చూసుకున్నాం. బరంపురంలో ఉంటున్న పింఛనుదారుడిగా నాకు తెలిసివచ్చినవి, రాష్ట్రం బయట ఉన్న మన తెలుగువాళ్లకు పనికొస్తాయనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: ఇంట్లో ప్రతివాళ్లకూ అన్ని కాగితాల్లో ఒకే పేరు ఉండాలి. వినడానికి చిన్న పనే. పది నెలలు పట్టింది.

మన పేరు ఇంట్లో ఒక రకం, ఆఫీసులో ఇంకో రకం. తెలుగులో ముందుండే ఇంటిపేరు ఒడియా పద్ధతిలో చివరికి పోతుంది. ఒడియాలో రాసేటప్పుడు వెంకట కాస్తా భెంకట అవుతుంది. దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కించే గుమాస్తా బి, హెచ్ వేసి ఊరుకుంటాడు. హోసూరు వైపు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా అక్కడి వాడుక ప్రకారం ఆ చోట తండ్రి పేరు మొదటి అక్షరం వస్తుంది. షోలాపూర్‌లో మధ్యలో తండ్రి పేరు, పెళ్లయిన ఆడవాళ్లకైతే భర్త పేరు వచ్చి చేరుతుంది. లెక్కపెడితే కాగితాల్లో నాకు నాలుగు పేర్లు, మా ఆవిడకు మూడు తేలాయి.

బతికున్నన్నాళ్లూ వీటితో పెద్ద ఇబ్బంది లేదు, కౌంటర్లో మనల్ని ఎరిగినవాళ్లు ఉంటారు. మనిషి పోయాకే తంటా. మా సంఘ సభ్యుడొకాయన పోయినప్పుడు, పీపీఓలో ఆయన భార్య పేరు ఇంట్లో పిలిచే పేరుతో ఉంది, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్లు, ధ్రువపత్రాలు పోగుచేసేసరికి ఏడు నెలలు. అన్నాళ్లూ ఆవిడకు కుటుంబ పింఛను ఒక్క రూపాయి రాలేదు. బకాయి మొత్తం తర్వాత వచ్చింది, నిజమే. కానీ కిరాణా కొట్టువాడు అందాకా ఆగడు కదా.

దీనికి ఒక వరస ఉంది. ఏ కాగితం మార్చడం అన్నిటికన్నా కష్టమో దాన్ని ప్రమాణంగా పెట్టుకోవాలి. పింఛనుదారులకు అది పీపీఓ. మిగతావన్నీ దానికి సరిపెట్టాలి. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ రెండూ చేతికొచ్చాక బ్యాంకు, పోస్టాఫీసు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని స్పెల్లింగు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఇంట్లో అందరూ చూశాకే సెంటరుకు వెళ్లండి. ఇంటిపేరు ముందుంటేనే తెలుగుతనం అని మా సంఘంలో కొందరు వాదిస్తారు. సంఘం ఆహ్వానపత్రికలో అలాగే వేసుకుందాం. బ్యాంకులో మాత్రం పీపీఓలో ఉన్నట్టే ఉండనివ్వండి.

రెండోది డిపాజిట్లు, నామినీలు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. ఇద్దరు పిల్లలున్న మాకు ఇది బాగా కలిసొచ్చింది. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, సొంతదారు కాదు. వారసుల వాటాలు వేరే సంగతి, వాటికి వీలునామా కావాలి. ఇక బ్యాంకు మూతపడితే ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు బీమా వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. సహకార బ్యాంకులకు ఇది వర్తిస్తుంది, పేరులో సహకారం ఉన్న క్రెడిట్ సొసైటీలకు వర్తించదు. వడ్డీ రెండు శాతం ఎక్కువంటే అటు మొగ్గేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మేం మాత్రం గడువు తీరిన డిపాజిట్ తీసి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేశాం. అప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ, ఐదేళ్ల గడువు, ఒక మనిషికి గరిష్ఠం 30 లక్షలు. ఏడాది లోపల మూసేస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, కాబట్టి ఆసుపత్రి ఖర్చుకని దాచినది ఇందులో వేయకూడదు.

ఈ రెండూ పూర్తయ్యాయి. ఒకసారి రసీదు చేతికొస్తే మళ్లీ తలచుకోనక్కర్లేని పనులివి. ఆరోగ్యం వాటికి రసీదు ఉండదు.

ఉప్పు తగ్గించాలన్నది మూడోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది, అంటే ఒక చెంచా. ఎవరి పళ్లెంలో ఎంత పడుతోందో కొలవడం అయ్యే పని కాదు గనక కిలో ప్యాకెట్టు మీద విప్పిన తేదీ రాయడం మొదలుపెట్టాం. ముగ్గురం ఉన్నాం. మొదట్లో 24 రోజులకే అయిపోయేది, ఇప్పుడు 40 రోజులు వస్తోంది. లెక్క ప్రకారం 66 రోజులు రావాలి. ఆవకాయలో ఉన్న ఉప్పు ఈ లెక్కలో లేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. దీనితోపాటు డాక్టరు చెప్పినట్టు వారం రోజులు ఉదయం, సాయంత్రం బీపీ చూసి నోటుబుక్కులో రాశాను. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూడాలి, కాఫీ తాగిన అరగంట లోపల చూడకూడదు. ఆ నోటుబుక్కు చూశాకే ఆయన మందు మోతాదు పెంచకుండా ఉంచారు. ఆసుపత్రి వరండాలో నిలబడి నిలబడి లోపలికెళ్తే వచ్చే అంకె వేరట.

రోజూ అరగంట నడక నాలుగోది. చలికాలంలో సాగింది. మే ఎండల్లో, జూలై నుంచి వానల్లో సాగలేదు.

ఐదోది మా అక్కకు ఆయుష్మాన్ వయ వందన కార్డు. డెబ్బై నిండితే ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో మొదలైంది. వయసుకు ఆధారం ఆధార్ కార్డే. అక్కకు డెబ్బై మూడు, తాటాకు జాతకం ఉంది. ఆధార్‌లో మాత్రం 1957 జనవరి 1 అని ఉంది. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు మన పేటలో సగం మందికి అదే జనవరి 1 వేశారు. తేదీ సవరణకు జాతకం చెల్లదు, బడి సర్టిఫికెట్టు లేదు. కాబట్టి ఈ కార్డు వచ్చే జనవరికి వాయిదా. అప్పటిదాకా ఆవిడ మోకాలి ఆపరేషనూ వాయిదానే.