ఆరాధన అంటే ఏమిటి? సంఘానికి అది ఎందుకు ముఖ్యం?

  ఈ రోజు మనం ధ్యానించబోయే అంశం ఆరాధన.

ఇది మనందరికీ తెలిసిన మాటే కదా అనిపిస్తుంది. కానీ ఆదివారం ఉదయం మన ఇళ్లలో ఎలా మాట్లాడుకుంటామో ఒకసారి గుర్తు చేసుకోండి. "ప్రార్థనకి పోతున్నం" అంటాం. కొందరు "గుడికి పోతున్నం" అంటారు, కొందరు "మీటింగుకి" అంటారు. కథోలిక సహోదరులు "పూజకి" అంటారు. మందిరంలోకి వెళ్లాక ఇంకో మాట వినబడుతుంది: "ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం." అంటే పాటలు పాడిన అరగంట ఆరాధన, తరువాత జరిగేది ఇంకేదో అన్నమాట. అందుకే కొందరు పాటలు అయ్యాక నిదానంగా వస్తారు, "వాక్యానికి అందితే చాలు" అని. ఇంకొందరు పాటలయ్యాక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. రెండూ ఒకే పొరపాటు నుండి వస్తున్నవే. ఆరాధన అంటే ఏమిటో తేల్చుకోకపోవడం.

మొదట, బైబిల్లో ఈ మాట

పాత నిబంధనలో ఆరాధనకు ఎక్కువగా వాడిన హెబ్రీ మాట షాఖా. వంగుట, నేలకు సాగిలపడుట అని దాని అర్థం. కొత్త నిబంధనలో గ్రీకు మాట ప్రోస్కునెయో. ఇదీ సాగిలపడి నమస్కరించడమే. ఇంకొక గ్రీకు మాట లాత్రెయా. దీని అర్థం సేవ. మన తెలుగు బైబిల్లో ఈ మాటలు ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి: మ్రొక్కుట, సాగిలపడుట, పూజించుట, ఆరాధించుట, సేవించుట. ఈ మాటల్లో ఏ ఒక్కదానికీ "పాట పాడుట" అని అర్థం లేదు. పాట వద్దని కాదండి. కీర్తనల గ్రంథమంతా పాటలే. కానీ పాట ఆరాధనకు ఒక గొంతు మాత్రమే.

ఆదికాండము 22వ అధ్యాయం తీసుకోండి. అబ్రాహాము తన పనివారితో, నేనూ ఈ చిన్నవాడూ అక్కడికి వెళ్లి దేవునికి మ్రొక్కి వస్తాము అని చెప్పాడు. అక్కడ సితార లేదు, తంబుర లేదు, గాయక బృందం లేదు. కట్టెలు, నిప్పు, కత్తి, కన్నకొడుకు ఉన్నారు. తనకు అన్నిటికంటే ప్రియమైనదాన్ని దేవుని చేతిలో పెట్టడానికి వెళ్తూ, దానికి అబ్రాహాము పెట్టిన పేరు ఆరాధన. అలాగే యోబు. పిల్లలు, పశువులు, ఆస్తి ఒక్క దినాన పోయాయి. ఆ వార్త విని నేలమీద సాగిలపడి మ్రొక్కాడు అని యోబు 1:20లో చదువుతాం. పొందుకున్నదేమీ లేని రోజున కూడా ఆరాధన జరిగింది.

ఇక్కడ మన తెలంగాణ మాట ఒకటి గమనించండి. "మొక్కడం" వేరు, "మొక్కు తీర్చుకోవడం" వేరు. మొక్కు అంటే ఒప్పందం: నాకు ఈ పని చేయి, నీకు ఇది ఇస్తాను. క్రైస్తవులం అయ్యాక మనం మొక్కులు మానేశామని అనుకుంటాం. కానీ "పిల్లవాడికి ఉద్యోగం వస్తే సాక్ష్యం చెప్తాను, ఇంత కానుక వేస్తాను" అన్నామంటే అది ఏమిటి? కృతజ్ఞతతో ఇవ్వడం మంచిదే, లేఖనాల్లో మ్రొక్కుబడులూ ఉన్నాయి. అయితే దేవునితో మన సంబంధమంతా బేరం మీదనే నడిస్తే మాత్రం ఆరాధన ఇంకా మొదలు కాలేదు.

ప్రార్థన, స్తుతి, కృతజ్ఞత, ఆరాధన: తేడా ఉందా?

ఉంది, కానీ వీటిని గోడలు కట్టి విడదీయలేము. అవసరాన్ని దేవునికి చెప్పుకోవడం విజ్ఞాపన. చేసిన మేలుకు వందనం చెప్పడం కృతజ్ఞత. ఆయన గొప్ప కార్యాలను పదిమందిలో చాటడం స్తుతి. ఆయన ఎవరో ఎరిగి, ఆ పరిశుద్ధత ముందు, ఆ ప్రేమ ముందు మనల్ని మనం అప్పగించుకోవడం ఆరాధన. హాస్టల్లో చదివే పిల్లవాడు ఇంటికొచ్చి "నాన్నా, ఫీజు కట్టాలి" అంటాడు. అడగాల్సిందే, తండ్రిని కాక ఎవరిని అడుగుతాడు? కానీ ఎప్పుడు వచ్చినా ఫీజు మాటే తప్ప, తండ్రి పక్కన పది నిమిషాలు కూర్చోకపోతే ఆ తండ్రి మనసు ఎలా ఉంటుంది? మన ఆదివారాలు చాలావరకు ఫీజు మాటతోనే అయిపోతున్నాయి.

మొదటి సంఘాలు ఎలా ఆరాధించాయి?

అపొస్తలుల కార్యములు 2:42లో నాలుగు విషయాలు కనబడతాయి: అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. తరువాతి కాలంలో బైబిలు బయట కూడా సాక్ష్యాలు ఉన్నాయి. సుమారు క్రీ.శ. 112లో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి ట్రాజనుకు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవునిగా ఎంచి పాడుకుంటారని, దొంగతనం, వ్యభిచారం చేయమని, మాట తప్పమని ప్రమాణం చేసుకుంటారని అందులో ఉంది. అతడు విశ్వాసి కాదు, వారిని విచారించి శిక్షించినవాడు. పాటను, నడతను కలిపి ఒకే ఉత్తరంలో రాశాడు చూడండి.

తరువాత క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ అనే విశ్వాసి రోమా పట్టణం నుండి ఆదివారపు కూడిక ఎలా ఉంటుందో వివరించాడు. పట్టణాల వారు, పల్లెల వారు ఒకచోట కూడతారు. అపొస్తలుల జ్ఞాపకాలు, ప్రవక్తల గ్రంథాలు సమయం ఉన్నంతసేపు చదువుతారు. అధ్యక్షుడు బోధిస్తాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం తెస్తారు, ప్రజలు "ఆమేన్" అంటారు. రాలేకపోయిన వారికి పరిచారకులు ఆ రొట్టెను ఇంటికి తీసుకెళ్తారు. కలిగినవారు ఇచ్చిన కానుకతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటారు.

ఇందులో ఏది ఆరాధన? అంతా. వాక్యం చదవడం దేవుడు మాట్లాడడం, ప్రార్థన మనం జవాబివ్వడం, బల్ల ఆయన తన్నుతాను ఇవ్వడం, కానుక మనం పొరుగువానికి ఇవ్వడం. కాబట్టి ఆలస్యంగా వచ్చేవారు ఆరాధనలోకి ఆలస్యంగా వస్తున్నారు, బల్లకు ముందే వెళ్లిపోయేవారు ఆరాధన మధ్యలో వెళ్లిపోతున్నారు.

మన నేల మీద ఆరాధన

ఇప్పుడు మన పెద్దల సంగతి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నది ఒడ్డున, ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పుడు ఘోరమైన కరువు. క్లౌ దొరగారి పేరు అందరికీ తెలుసు. కానీ ఆయనకు ముందు ఊరూరా తిరిగి సువార్త చెప్పినవారిలో తోలు వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య గారు ముఖ్యులు. మన ప్రాంతం అప్పుడు నిజాం పాలనలో ఉంది. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ గారు రష్యా దేశపు మెన్నొనైట్ సంఘం నుండి నల్గొండకు వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేశారు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ అన్నీ అప్పుడు నల్గొండ జిల్లావే. సూర్యాపేట వేరే జిల్లా అయింది 2016లోనే కదా.

ఆ రోజుల్లో సంఘంలో చేరినవారు ఎక్కువమంది మాల, మాదిగ పేటల వారు. గుడి గడప తొక్కనివ్వని వారు, ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని వారు. వారికి ఆరాధన అంటే ఏమిటో ఆలోచించండి. జీవితంలో మొదటిసారి, మధ్యలో ఎవరి అడ్డూ లేకుండా దేవుని ముందు నిలబడడం. గ్రంథాన్ని తమ చేతుల్లో పట్టుకోవడం. ఒకే పాత్రలోనిది అందరితో పాటు తాగడం. సమరయ స్త్రీకి ప్రభువు యోహాను 4లో చెప్పినది ఇదే. ఈ కొండా ఆ పట్టణమా అన్నది కాదు, తండ్రి ఆత్మతోను సత్యముతోను ఆరాధించేవారిని వెదకుచున్నాడు. ఊరు బయటికి నెట్టినవారిని తండ్రే వెదుక్కుంటూ వచ్చాడు.

ఆ పేదలు ఖాళీ చేతులతో రాలేదు. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు దేవునికని పక్కన కుండలో వేసేవారు. ఇప్పటికీ మన పల్లె సంఘాల్లో తల్లులు ఆ పిడికెడు బియ్యం తెస్తున్నారు. తమ పిల్లలకు వండే అన్నంలోనుండి తీసిన పిడికెడు అది. దోర్నకల్ అధ్యక్ష మండలంలో 1912 నుండి బిషప్‌గా సేవ చేసిన అజరయ్య గారు ఇచ్చే గుణాన్ని ఆరాధనలో భాగంగా నేర్పించారు. అందుకే పంటల పండుగలో వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు బల్ల ముందుకు వస్తాయి. ఇంకొకవైపు భక్త్ సింగ్ గారు. హైదరాబాదు హెబ్రోను సహవాసంలో చాపల మీద అందరూ కలిసి కూర్చోవడం, విశ్వాసులు ఒక్కొక్కరు లేచి స్తుతించడం, తరువాత కలిసి భోజనం చేయడం మన తెలుగు సంఘాలు చాలావాటికి అలవాటయింది.

బల్ల దగ్గర పరీక్ష

కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనం చెడిపోయింది. ఎందుకు? ఉన్నవారు ముందే తినేశారు, లేనివారు ఆకలితో మిగిలారు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు గారు 1 కొరింథీయులకు 11లో తేల్చి చెప్పాడు. పాటలు బాగా లేవని కాదు. పేదవాడిని సిగ్గుపరిచారని.

ప్రియులారా, ఈ మాట మన ప్రాంతంలో చెప్పకుండా దాటలేను. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం వేరని పట్టపగలు ఒక యువకుడిని చంపించారు. దేశమంతా మన ఊరి పేరు అలా విన్నది. అది బయటివారి పాపం అని మనం తప్పించుకోవచ్చు. కానీ మన సంఘాల్లో "వాళ్ల చర్చి", "మన చర్చి" అని అన్నప్పుడు మనం చెప్పేది డినామినేషన్ పేరా, కులం పేరా? పిల్లల పెళ్లిళ్లు కుదిర్చేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏది? ఒకే రొట్టె తిని, బయటికొచ్చి ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తినలేకపోతే, ఆ ఆరాధనను ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు ఏమన్నాడో చదవండి. మీ పాటల ధ్వని నాకొద్దు, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అనే భావం అక్కడ ఉంది. సౌండ్ సిస్టమ్ ఎంత మంచిది పెట్టినా ఆ లోటు తీరదు.

మత్తయి 5:23-24 కూడా ఇదే చెప్తుంది. కానుక తెచ్చినప్పుడు సహోదరునికి నీ మీద బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే ఉంచి వెళ్లి సమాధానపడాలి. ఆ ఒక్కసారి ఆరాధనను ఆపమని ప్రభువే చెప్పాడు.

సోమవారం సంగతి

రోమీయులకు 12:1లో పౌలు గారు మన శరీరాలనే సజీవ యాగంగా అప్పగించమంటున్నాడు. అక్కడ సేవ అనే మాట లాత్రెయా. అంటే ఆరాధన. శరీరం ఆదివారం ఒక్క పూట మందిరంలో ఉంటుంది. మిగతా వారమంతా ఎక్కడ ఉంటుంది? మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోస్తుంది, కోదాడలో హైవే పక్కన హోటల్లో గిన్నెలు కడుగుతుంది, సూర్యాపేట మార్కెట్లో కాంటా దగ్గర నిలబడుతుంది. ఎడమ కాల్వ కింద నాట్లు వేస్తుంది.

వడ్ల కాంటా దగ్గర విశ్వాసి ఉన్నాడనుకోండి. తరుగు పేరుతో రైతు బస్తాకు అన్యాయంగా కిలోలు కోస్తే, ఆ చేతులే ఆదివారం పైకెత్తితే ఎలా? దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1. సరిగ్గా తూచిన త్రాసు ఆరాధనే. అలాగే నాట్ల కాలంలో, మిల్లు షిఫ్టుల్లో ఆదివారం రాలేని కూలి సహోదరిని "భక్తి తగ్గింది" అనకండి. జస్టిన్ కాలపు పరిచారకుల్లా ఆమె ఇంటికి వెళ్లండి. సాయంకాలం ఒక కూడిక పెట్టండి. అయితే పనీ లేదు, రోగమూ లేదు, యూట్యూబులో చూస్తే సరిపోతుంది అనుకునేవారికి మాత్రం హెబ్రీయులకు 10:25 గుర్తు చేస్తున్నాను. మా ఎపిసోడ్ కూడా మీ సంఘానికి బదులు కాదు. ఫోన్ మీకు రొట్టె అందివ్వలేదు.

ఎందుకు ఇంత ముఖ్యం?

ఒకటి, ఆయన దానికి యోగ్యుడు. మనకు మేలు కలిగినా కలగకపోయినా. రెండు, మనిషి దేనిని ఆరాధిస్తే దానిలాగా మారతాడు. కీర్తన 115లో విగ్రహాల గురించి చెప్పింది అదే. ధనాన్ని ఆరాధిస్తే రాయిలా అవుతాం, క్రీస్తును ఆరాధిస్తే ఆయన పోలికలోకి వస్తాం. మూడు, పరలోకంలో ప్రసంగం ఉండదు, విజ్ఞాపన ఉండదు, ఆరాధన ఉంటుంది. ప్రకటన 7:9లో ప్రతి జనం, ప్రతి వంశం సింహాసనం ముందు ఒకే గుంపుగా నిలబడి ఉంది. అక్కడ పేటలు లేవు. ఇక్కడ అలవాటు చేసుకోనివారు అక్కడ ఎలా నిలబడతారు?

చివరగా, వచ్చే ఆదివారానికి నాలుగు చిన్న పనులు. శనివారం రాత్రి ఒక కీర్తన చదువుకొని పడుకోండి. మొదటి ప్రార్థనకే వచ్చి కూర్చోండి. మీతో మాట లేని ఒకరితో బల్లకు ముందే మాట్లాడండి. ఇంటికి వెళ్లేటప్పుడు, ఇంతవరకు మీ ఇంట్లో అన్నం తినని ఒక కుటుంబాన్ని భోజనానికి పిలవండి.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మమ్మును వెదకి పిలిచినందుకు వందనాలు. మా పెదవులనే కాదు, మా చేతులను, మా త్రాసులను, మా బల్లలను నీకు అప్పగిస్తున్నాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాలను ఒక్కటిగా నీ ముందు నిలబెట్టుమని యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.

దేవుడు మిమ్మును దీవించును గాక. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.