నాలుగు స్వరాల వాగ్గేయకారుడు

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు చెప్పగానే మనవారికి మొదట గుర్తుకొచ్చేది ఆ గొంతు. మూడు స్థాయిల్లోనూ అలవోకగా తిరిగే ఆ గాత్రం చాటున ఆయనలోని వాగ్గేయకారుడు కొంత మరుగున పడ్డారని నా అభిప్రాయం.

1930 జులై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య గారిది వేణువు, తల్లి సూర్యకాంతమ్మ గారిది వీణ. పసికందుగా ఉండగానే తల్లి పోయారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు.

72 మేళకర్తలకూ కృతులు రాసి 1952లో 'జనకరాగ కృతి మంజరి'గా వెలువరించేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. వాటిలో 40 వివాది మేళాలు. పాడితే కీడని చాలామంది విద్వాంసులు వాటి జోలికే పోయేవారు కాదు!

తర్వాతిది ఇంకా పెద్ద సాహసం. లవంగిలో స రి మ ద, మహతిలో స గ ప ని, అంతే, నాలుగే స్వరాలు. సర్వశ్రీలో అయితే మూడే. రాగానికి ఐదు స్వరాలైనా ఉండాలన్నది సంప్రదాయం. వీణ ఎస్. బాలచందర్ గారు గట్టిగానే ఎదురు నిలిచారు. ఆ అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. స్వరాలు తగ్గితే సంచారానికి చోటు తగ్గుతుంది కదా! మహతి వింటే నాకా లోటు తెలియదు. సర్వశ్రీ మాత్రం ఒక కృతికి సరిపోతుందే గాని విస్తారమైన ఆలాపనకు నిలవదేమో అనిపిస్తుంది. 1975లో 'అపూర్వ రాగంగళ్' సినిమా పాటతో మహతి తమిళుల ఇళ్ళకూ చేరింది.

దశాబ్దాలు మద్రాసులోనే ఉన్నారు, 2016 నవంబరు 22న అక్కడే కన్నుమూశారు. సంస్కృత, తమిళ, కన్నడాల్లోనూ రాశారు గాని, తెలుగును వదలలేదు. ఆయన బృందావని, కుంతలవరాళి తిల్లానాలు నాట్యం నేర్చే పిల్లలందరికీ తెలుసు. 'మురళి' ముద్రతో ఉన్న తెలుగు కృతులు మన పిల్లల్లో ఎందరికి వచ్చు?

మహతిలో ఆయన కృతి నేర్పమని మా వీధి పాట టీచరమ్మగారిని అడిగాను. సరేనన్నారు. సాహిత్యం మాత్రం తమిళ లిపిలోనే రాసిస్తారట. అందులో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం, తేడా తెలియడానికి పక్కన ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేస్తారు. తెలుగులో నేను రాసిస్తానన్నాను. "పిల్లలు చదవగలరా?" అని అడిగారావిడ.