బాంబు పేలిన బజారుకు మళ్లీ జనం

శ్రీకాకుళం జిల్లాలో కోటబొమ్మాళి, టెక్కలి, నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువుకనీ పనికనీ హైదరాబాదు వెళ్లే పిల్లలు ఎందరో. పలాసలోనో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లోనో సికింద్రాబాదు రైలెక్కినవాళ్లలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చేరేవారు. ఉద్యోగ పరీక్షల కోచింగుకు ఆ పేట అంత పేరుపడింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ బాంబులు పేలాయని టీవీల్లో రాగానే సిక్కోలు పల్లెల్లోనూ తల్లిదండ్రుల గుండె జారిపోయింది.

సైకిళ్ల మీద ఉంచిన ఆ బాంబుల్లో ఒకటి బస్టాపు దగ్గర, ఇంకొకటి మిర్చిబజ్జీల దుకాణం దగ్గర పేలాయి. 18 నిండు ప్రాణాలు పోయాయి. వందమందికి పైగా గాయపడ్డారు. అంతకుముందు 2007 ఆగస్టు 25న హైదరాబాదులోనే లుంబినీ పార్కు లేజర్ షోలో, కోఠి గోకుల్ చాట్‌లో కలిపి 42 మంది బలయ్యారు.

బస్టాపు, బజ్జీల కొట్టు, పార్కు, చాట్ దుకాణం. మామూలు మనుషులు సాయంత్రంపూట సరదాగా వెళ్లే చోట్లను ఏరి మరీ కొట్టారు. బతికున్నవాళ్లు ఇక గడప దాటకూడదన్నదే ఆ దెబ్బ ఉద్దేశం.

ఆ ఉద్దేశం నెరవేరలేదు. గోకుల్ చాట్ ముందు మళ్లీ జనం మూగారు. దిల్‌సుఖ్‌నగర్ కొట్లు తెరుచుకున్నాయి, కోచింగు పిల్లలు తిరిగొచ్చారు. 2018 సెప్టెంబరులో ఆ పేటకు మెట్రో రైలు కూడా వచ్చింది.

భయంతో మనిషి చేసే పని ఒక్కోసారి దాడికి తోడు ఇంకో నష్టం తెస్తుంది. 2001 సెప్టెంబరు 11 విమాన దాడుల తర్వాత అమెరికాలో ఎందరో విమానం మానేసి కార్లెక్కారు. తర్వాతి పన్నెండు నెలల్లో రోడ్ల మీద సుమారు 1,500 మంది అదనంగా చనిపోయారని జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్కగట్టారు. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే బతికే కోటబొమ్మాళి వారికి ఈ లెక్కలోని బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

భయం అనుమానంగా మారితే గాయం ఇంకా లోతు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్లి హింసించారు. వారిపై పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. చివరికి ప్రభుత్వమే వారికి మచ్చలేదని ధ్రువపత్రాలివ్వాల్సి వచ్చింది. పోయిన కొలువులు, చెడిన చదువులు ఆ కాగితంతో తిరిగొస్తాయా? అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలకూ న్యాయం అందలేదు. 2018 ఏప్రిల్‌లో కోర్టు ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది.

ధైర్యం నిలవాలంటే అసలు దోషి దొరకాలి, అదీ త్వరగా. గోకుల్ చాట్, లుంబినీ కేసులో తీర్పుకు పదకొండేళ్లు పట్టింది. దిల్‌సుఖ్‌నగర్ కేసు నయం: 2016 డిసెంబరులోనే ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. జనం గుమిగూడే వ్యాపార స్థలాల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే చట్టం వచ్చింది. కెమెరాలు అవసరమే. అయితే అవి పనిచేస్తున్నాయో లేదో చూసే నాథుడుండాలి.

మిగిలిన పని మనది. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతరకు పిల్లాపాపలతో వెళ్లండి. దిక్కులేని సంచి కనిపిస్తే ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయండి. ఫలానా మతంవాళ్లే చేశారంటూ ఫోనుకు వచ్చిన సందేశాన్ని మాత్రం ఇంకొకరికి పంపకండి.