వేయి యబద్ధముల పెండ్లి

వేయి యబద్ధములాడియైనను నొక పెండ్లి చేయవలెనను సామెతను విననివారు మన యిండ్లలో నుండరు. అబద్ధమాడరాదని బిడ్డలకు నేర్పు తల్లియే సంబంధము కుదుర్చునపు డీ సామెతను జెప్పి మనస్సునకు సమాధానము చెప్పుకొనును. అట్లయిన మంచిచెడ్డలు సందర్భమునుబట్టి మాఱునవియా, లేక యెన్నటికిని మాఱనివియా? సోదరీమణులు యోచింపదగిన ప్రశ్న యిది.

సందర్భమును బాటింపని సత్యమువలన గలుగు కీడునుగూర్చి మహాభారతమున, కర్ణపర్వమందు, గృష్ణు డర్జునునకు జెప్పిన కథ గలదు. కౌశికుడను తపస్వి సత్యమే పలుకుదునని వ్రతము బూనెను. దొంగలకు వెఱచి కొంద ఱడవిలో దాగిరి. వెంటవచ్చిన దొంగ లడుగగా గౌశికుడు వారున్నచోటు చెప్పెను. దొంగలు వారిని జంపిరి. కౌశికుడు నరకమున బడెను. తన వ్రతమునే చూచుకొని యితరుల ప్రాణములను మఱచుట ధర్మము గాదని దీని భావము.

భాగవతమున శుక్రాచార్యుడు వివాహవిషయములందును బ్రాణాపాయమందును బొంకిన దోషము లేదని బలిచక్రవర్తి కుపదేశించెను. సంబంధములు కుదుర్చు పేరయ్యల కీ మాట మిగుల బ్రియము. కాని శుక్రు డట్లు చెప్పినది బలి రాజ్యము పోకుండుటకు. బలి యా యుపదేశమును ద్రోసిపుచ్చి యాడినమాట నిలుపుకొనెను. ఈ సంగతిని పేరయ్యలు చెప్పరు.

ఈ రెండు కథలను జేర్చి చూచిన నొక కొలత దొరకును. బొంకువలన నష్టపోవువా రెవరు? కౌశికుడు బొంకియుండిన నష్టపడువాడు చంపవచ్చిన దొంగ. వరుని త్రాగుడును, మానని రోగమును, లేని యుద్యోగమును గప్పిపుచ్చి బొంకిన నష్టపడునది మనలను నమ్మి వచ్చిన పిల్ల. మొదటిది ప్రాణరక్షణము, రెండవది నమ్మకద్రోహము.

ఇంతకంటె జిక్కైన సంగతి యొకటి గలదు. పిల్లకు జిన్ననాడు పెద్దజబ్బు చేసి పూర్తిగా మానినది. ఉన్నది చెప్పిన సంబంధము తప్పిపోవునని తల్లి భయము. ఈ తల్లిని నిందించుటకు మాకు మనసు రాదు. ఊరివా రడిగిన నామె యూరకుండవచ్చును. కాని పిల్లతో జీవితమును బంచుకొనబోవు వానికి ముందే చెప్పవలెను. దాచినచో నా పిల్ల నిత్యము భయముతోనే కాపురము చేయును. గుట్టు బయలుపడిననాడు తల్లి బొంకునకు దెబ్బ తినునది కూతురే.

చట్టము గూడ నీ విషయమున నూరకుండలేదు. 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టము 12వ సెక్షను ప్రకారము మోసముచేత సమ్మతి పొందిన వివాహమును రద్దుచేయ గోర్టును గోరవచ్చును. వధూవరులనుగూర్చిన ముఖ్యవిషయములందు జేసిన మోసము గూడ దీనిక్రిందికి వచ్చునట్లు 1976లో సవరించిరి. మోసము తెలిసిన యేడాదిలోపల నర్జీ పెట్టుకొనవలెను. తెలిసిన పిమ్మట గూడ మనఃపూర్వకముగా గాపురము చేసినవారి యర్జీ చెల్లదు.

కావున మా యభిప్రాయ మిది: ఆడవలసిన మాట సందర్భమునుబట్టి మాఱవచ్చును, మనలను నమ్మినవారికి గీడు చేయరాదను ధర్మము మాత్రము మాఱదు. పెండ్లిచూపులనాడు నోరు విప్పకముందు, ఇదే మాటను మన కూతును జేసికొనువారు మనతో నాడిన మనము సహింతుమా యని ప్రతి తల్లియు దన్ను దా నడుగుకొనవలెను.