తెల్లవారుజామున చేపలకు ఊపిరి

కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో వేకువజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే రైతు గుండె జారిపోతుంది. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది; శ్వాసక్రియ మాత్రం ఆగదు. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అతి తక్కువ. ఏరియేటర్ కావలసిందీ అప్పుడే, సూర్యుడు లేనిదీ అప్పుడే! సౌరశక్తితో దాన్ని తిప్పాలంటే బ్యాటరీ తప్పదు.

ఎంత బ్యాటరీ? పెన్సిలు తీయండి పిల్లలూ. 1 హార్స్ పవర్ అంటే 746 వాట్లు. మోటారులో నష్టాలు కలిపి 1000 వాట్లు లాగుతుందనుకుందాం. అర్ధరాత్రి నుంచి 6 గంటలు తిరిగితే 6 యూనిట్లు. ఇన్వర్టర్ 10 శాతం తింటుంది, కనుక 6.7. లెడ్-ఆసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. అందుచేత 13.4 యూనిట్ల నిల్వ ఉండాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ దాచేది 1.8 యూనిట్లు. భాగిస్తే 7.4. ముక్క బ్యాటరీ ఎవరూ అమ్మరు గదా, 8 కావాలి.

ఫలకాల లెక్క సులువే. ఛార్జింగు నష్టంతో రోజుకు 8.4 యూనిట్లు పుట్టాలి. నిండు ఎండ 5 గంటలనుకుని, వేడికీ దుమ్ముకూ నాలుగో వంతు తీసేస్తే సుమారు 2.25 కిలోవాట్లు.

అసలు చిక్కు ముసురు రోజున. మబ్బు పడితే ఫలకాలూ, నాచూ ఒకేసారి పని తగ్గిస్తాయి. ఏరియేటర్ ఎక్కువసేపు తిరగవలసిన రాత్రే బ్యాటరీలు నిండవు! ఒక్క ముసురు రోజుకు ఓర్చుకోవాలన్నా 8 బ్యాటరీలు 16 అవుతాయి. ఆ ఖర్చుకు వెనుకాడి గట్టున డీజిల్ ఇంజను కూడా ఉంచుకునే రైతును నేనైతే తప్పుపట్టను.