ఉక్కు పలకలో ఏటవాలు రంధ్రము: ఇంటివద్ద వెల్డింగు చేయువారికి సూచనలు

మెట్ల ప్రక్కన చేపట్టు కమ్మీ అమర్చుకొనుటకు కొందరు గృహస్థులు ఇంటివద్దనే వెల్డింగు పనికి పూనుకొనుచున్నారు. మెట్ల ప్రక్కగోడ వాలుగా నుండును. దానిపై బిగించు ఉక్కు పలకయు వాలుగానే యుండును. ఊచ మాత్రము నిట్టనిలువుగా నిలువవలెను. కావున పలకలోని రంధ్రము ఏటవాలుగా నుండవలసివచ్చును. చూచుటకు ఇది స్వల్పమైన పని. అయినను చేతులకును కన్నులకును గాయములు కలుగుటకు ఇందు అవకాశము మెండు.

డ్రిల్లు బిట్టు కొనకు రెండు కోత అంచులు కలవు. పలకపై నిటారుగా దించినపుడు రెండు అంచులును సమముగా తెగగోయును. వాలుగా దించినచో మొదట ఒక అంచు మాత్రమే లోహమును తాకును. బిట్టు ప్రక్కకు జారును, వంగును, ఒక్కొక్కపుడు విరిగి ముక్క ఎగురును. రంధ్రము అడుగున తెరచుకొను క్షణము మరింత ప్రమాదకరము. అప్పటికి ఒకవైపు తెగి, మఱియొకవైపు లోహము మిగిలియుండుటచే బిట్టు దానిని కొఱికి పట్టుకొనును. పలకను చేతితో అదిమి పట్టినచో అది గిఱ్ఱున తిరిగి వ్రేళ్లను కోయును. పలక బిగించియుండి డ్రిల్లు చేతిలో నున్నచో, డ్రిల్లే తిరిగి మణికట్టును మెలిపెట్టును.

నిజమునకు ఇంటి పనిలో వాలుగా డ్రిల్లు చేయవలసిన అగత్యము తఱచుగా లేదు. 6 మిల్లీమీటర్ల మందముగల పలకలో 12 మిల్లీమీటర్ల ఊచను 30 డిగ్రీల వాలున దూర్చవలెననుకొందము. 13 మిల్లీమీటర్ల రంధ్రమును నిటారుగానే చేసి, పిమ్మట గుండ్రని ఆకురాయితో పై ముఖమున ఒకవైపు, అడుగు ముఖమున దానికి ఎదురువైపు, రెండు మిల్లీమీటర్లకు కొంచెము మించి అరుగదీసినచో ఊచ వాలుగా దూరును. మిగిలిన సందును వెల్డింగు లోహము నింపును. ఆకురాయి పని ఆలస్యమే. కాని ఆకురాయి ఎవరి మణికట్టును విఱుగగొట్టదు.

పలక మిక్కిలి మందమైనచో స్టాండుకు బిగించిన డ్రిల్లు కావలెను. అప్పుడు బిట్టును వాల్చరాదు. పలక క్రింద కావలసిన కోణమునకు కోసిన దిమ్మను ఉంచి, పలకనే వాల్చి, రెంటిని బల్లకు క్లాంపులతో బిగింపవలెను. తిరుగు డ్రిల్లు వద్ద చేతితొడుగులు ధరింపరాదు. తొడుగు అంచు చుట్టుకొన్నచో చేయి దాని వెంట పోవును. వ్రేలాడు కండువా, వదులు చొక్కాచేతులు, విప్పిన జుట్టు విషయమును అట్టిదే. రజనును నోటితో ఊదక, కుంచెతో తుడువవలెను.

గ్యాసు మంటతో కోయువారు మఱియొక సంగతి గుర్తింపవలెను. వాలుగా కోసినపుడు మంట దాటవలసిన మందము పెరుగును: 10 మిల్లీమీటర్ల పలక 45 డిగ్రీల వాలున 14 మిల్లీమీటర్లగును. మంట అంతసేపు నిలువవలెను, పొగయు అంత హెచ్చును. పలకకు జింకు పూత యున్నచో ఆ పొగను పీల్చినవారికి కొన్ని గంటల పిమ్మట చలి, జ్వరము, ఒళ్లునొప్పులు, నోట లోహపు రుచి కలుగవచ్చును. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును గాని, ఊపిరి ఆడుట కష్టమైనచో వైద్యుని వెంటనే చూడవలెను. పాలు త్రాగిన, బెల్లము తిన్న ఈ పొగ దోషము విఱుగునను నమ్మకము కర్మాగారములలో విస్తారముగా నున్నది. పాలు, బెల్లము మంచి ఆహారములే. పొగ పోవునది కడుపులోనికి కాదు, ఊపిరితిత్తులలోనికి. కోయబోవు చోట పూతను ముందే తొలగించి, ఆరుబయట, గాలి వాటమునకు ప్రక్కగా నిలిచి పనిచేయవలెను.

కన్నుల విషయమున ఉపేక్ష తగదు. చదువుకొను కళ్లద్దములు చాలవు. ప్రక్కలు మూసియున్న రక్షణ కళ్లద్దములు కావలెను. విద్యుత్ వెల్డింగునకు నల్లని చలువ కళ్లద్దములు పనికిరావు. సాధారణమైన ఇంటి పనికి 10వ నంబరు అద్దముగల ముసుగు తగినది. ముసుగు లేక వెలుగును చూచినవారికి, ప్రక్కన నిలిచి చూచిన పిల్లలకు సైతము, అప్పటికి ఏమియు తోచదు. ఆరు మొదలు పండ్రెండు గంటలకు, నడిరేయి, కన్నులలో ఇసుక పోసినట్లు మంట, నీరు కాఱుట ఆరంభమగును. అప్పుడు చనుబాలు, ఆముదము వంటివి పోయరాదు.

ఉక్కు నలుసు పడినపుడు కన్ను నలుపరాదు. గుడ్డ కొనతోనో సూదితోనో తోటివారిచే తీయించుకొనుట పెక్కుచోట్ల వాడుక. ఇది కంటి నల్లగ్రుడ్డుపై గీతలు వేసి చీము పట్టించును. శుభ్రమైన నీటితో కడిగినను పోనిచో ఆనాడే కంటి వైద్యుని వద్దకు పోవలెను. వేగముగా ఎగిరిన ముక్క కంటిలోనికి దూరినపుడు, ఒక్కొక్కపుడు నొప్పి స్వల్పముగానే యుండును. ఇనుము లోపల నిలిచినచో నెలలు, ఏండ్లు గడచిన పిమ్మట చూపు చెడవచ్చును. అట్టివారికి ఎప్పుడైనను ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరమైనచో, కంటిలో ఇనుప నలుసు పడిన సంగతిని ముందుగా చెప్పవలెను. ఆ యంత్రపు అయస్కాంతము లోపలి ఇనుమును కదల్చును.