పెంకుటిల్లు పోయి ఫ్లాట్లు వచ్చాక

మా రాజమండ్రి ఇన్నీసుపేటలో పెంకుటిళ్లు అపార్ట్‌మెంట్లవుతున్నాయి. కారణం డబ్బొక్కటే కాదు. తాతగారి మండువా ఇంటికి వారసులెక్కువ. గదులు పంచుకోలేరు, ఫ్లాట్లయితే పంచుకోగలరు. కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది: హాలు వెడల్పు సంగతి తర్వాత, ముందు మీ పేర రిజిస్టరయ్యే అవిభక్త స్థలం వాటా ఎన్ని గజాలో చూడండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. వారసులందరూ సంతకాలు పెట్టారో లేదో కనుక్కోండి. భవనం పాతబడ్డాక మిగిలేది ఆ గజాలే.

పాత ఇళ్లన్నీ పోవడం లేదు. 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు ఈ ఊళ్లో ఇంకా భద్రంగానే ఉంది. పోతున్నవి మామూలు ఇళ్ల అరుగులు. సాయంత్రం గోదావరి గాలికి అక్కడ కూర్చుంటే వీధంతా పలకరించేది. ఇప్పుడా చోటు కార్లకు పోయింది. గేటు లోపల చిన్న అరుగైనా కట్టమని బిల్డరును అడగండి; ప్లాను గీసేటప్పుడే అడగాలి.